జులూ సైన్యానికీ సేనాపతి ఉన్నాడు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో టేబుల్ మీద ఆడే యుద్ధం ఆటల గురించి వచ్చిన వ్యాసం చదివాను. వరంగల్, కరీంనగర్ లాంటి ఊళ్లలోనూ ఈ ఆటలు ఆడేవాళ్లు ఉన్నారని ఒక తెలుగు పత్రిక గుర్తించినందుకు చాలా సంతోషం. కానీ దక్షిణాఫ్రికా వలస యుద్ధాల రూల్స్ గురించి రాసిన పేరా దగ్గర నా మనసు ఒప్పుకోలేదు. అక్కడి ఆఫ్రికన్ రాజ్యాల్లో ఒకటైన జులూల దళానికి శత్రువు కనపడితే చాలు, ఆగకుండా మీద పడాల్సిందేనని, ఆ ఆటగాడికి వేరే ఆర్డర్ ఇచ్చే వీలు లేకపోవడం చరిత్రకు తగ్గట్టే ఉందని మీ వ్యాసకర్త మెచ్చుకున్నారు. బ్రిటిష్ వాళ్లకేమో క్రమశిక్షణ, జులూలకేమో మొండి ధైర్యం, లెక్కలేనంత జనం. బయట దొరికే పాత రూల్ బుక్కుల్లో చాలావాటి వరస ఇదే. ఇది తప్పు. ఎందుకు తప్పో కొంచెం వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పొడుగైనా వేస్తారని ఆశ.

నేను ఆర్టిలరీలో గన్నర్‌గా చేరి హవల్దార్‌గా రిటైరయ్యాను. హనుమకొండలో ఉంటాను. మా మేడ మీద రెండు ప్లైవుడ్ షీట్లు జతచేసి, పైన పాత మిలిటరీ దుప్పటి పరిచి, కింద ఇటుక ముక్కలు పెట్టి గుట్టలు చేసుకున్నాం. మినియేచర్ బొమ్మలు కొనే స్తోమత మాలో చాలామందికి లేదు. అందుకని ఒక చింతగింజ అంటే వంద మంది జులూ యోధులు, ఒక చొక్కా గుండీ అంటే వంద మంది బ్రిటిష్ మనుషులు అని లెక్క పెట్టుకున్నాం. బ్రిటిష్ సైన్యాన్ని జులూలు ఓడించిన ఇసాండ్ల్‌వానా యుద్ధం పరిస్తే గింజలు రెండు వందలు, గుండీలు పదిహేడో పద్దెనిమిదో వస్తాయి. ఆ దృశ్యం చూసిన ఎవరికైనా ముందు తోచేది మీ వ్యాసకర్తకు తోచిందే: ఇంతమంది ఉంటే గెలవరా అని. గెలుపుకు అసలు కారణాలు ఆ తర్వాత ఆడుతుంటేనే తెలుస్తాయి.

1879 జనవరి 22న అక్కడ ఏం జరిగిందో చూడండి. బ్రిటిష్ హైకమిషనర్ బార్టిల్ ఫ్రేర్, అంతకుముందు మన బొంబాయికి గవర్నర్‌గా చేసినవాడే, 1878 డిసెంబరులో జులూ రాజు సెట్ష్వాయోకు ఒక హెచ్చరిక పంపాడు. నీ సైనిక వ్యవస్థను రద్దు చేసుకో అన్నది అందులో ముఖ్యమైన షరతు. ఏ రాజూ ఒప్పుకోలేని షరతు అది. గడువు తీరగానే జనవరి 11న బ్రిటిష్ సేనాధిపతి చెమ్స్‌ఫర్డ్ సైన్యం సరిహద్దు దాటింది. రోర్క్స్ డ్రిఫ్ట్ రేవు నుంచి ఇసాండ్ల్‌వానా కొండ దాకా ఉన్నది సుమారు 10 మైళ్లు. అక్కడ డేరాలు వేసేసరికి జనవరి 20 అయింది. వానలకు బాట బురదైంది. బండికి పదహారు ఎడ్లు కట్టినా, వాటికి రోజూ మేతకూ నెమరుకూ గంటల తరబడి విడుపు ఇవ్వాల్సిందే. అదే వారంలో జులూ సైన్యం రాజధాని దగ్గర 17న బయల్దేరి, నాలుగైదు రోజుల్లో సుమారు 80 కిలోమీటర్లు నడిచి, శిబిరానికి కొద్ది మైళ్ల దూరంలో ఎన్‌గ్వెబెని లోయలో దిగింది. దారిలో అలిసిపోకుండా మెల్లగా నడవమని రాజు చెప్పి పంపాడు. పడుకునే చాపలు, తిండి మోయడానికి పిల్లలు వెంట నడిచారు. దాదాపు 20,000 మంది ఒక లోయలో చప్పుడు లేకుండా కూర్చుంటే, జనవరి 22 పొద్దున దాకా బ్రిటిష్ గస్తీకి ఆచూకీ దొరకలేదు. చెమ్స్‌ఫర్డ్ తన సైన్యంలో దాదాపు సగాన్ని వెంటబెట్టుకుని తెల్లవారకముందే జులూలను వెతుక్కుంటూ వేరే దిక్కుకు వెళ్లిపోయాడు. శత్రువు కళ్లు కప్పి 20,000 మందిని దాచగలిగిన సైన్యానికి ఆటలో దాక్కునే రూల్ ఉండొద్దా? మా టేబుల్ మీద ఆట మొదట్లో జులూ గింజలు అసలు పెట్టం. ఆ ఆటగాడు తన సైన్యం ఏ లోయలో ఉందో ఒక చీటీ మీద రాసి, మడిచి, దుప్పటి కింద పెడతాడు.

లోయలో సైన్యం కంటపడ్డాక కూడా అది గుంపుగా దూకలేదు. మధ్యలో ఛాతీ, రెండు వైపులా కొమ్ములు, వెనక అవసరానికి ఆగి ఉండే నడుము. ఎద్దు ఆకారంలో నిలబడే ఈ పద్ధతిని మీ వ్యాసమూ చెప్పింది. కానీ రెండు కొమ్ముల మధ్య మైళ్ల దూరం ఉంటుంది. కొండలు, వాగులు అడ్డం. ఆ రెండూ ఒకే సమయానికి శిబిరం వెనక కలుసుకోవాలంటే ఎవరో ఒకరు పైనుంచి చూస్తూ నడిపించాలి. నడిపించింది ఎన్‌త్షింగ్వాయో, దాదాపు 70 ఏళ్ల మనిషి. ఆయనతో పాటు మవుమెంగ్వానా. వాళ్లు ఎత్తైన కొండవాలు మీద నిలబడి యుద్ధాన్ని చూశారు. మైదానంలో ఛాతీ దళాలు మార్టిని-హెన్రీ తుపాకుల ముందు పరుగెత్తలేదు. పలచగా విడిపోయి, గడ్డిలో పడుకుంటూ, లేస్తూ, కొంచెం కొంచెం ముందుకు జరిగాయి. ఒక దశలో ఆ తూటాల జోరుకు అక్కడే ఆగిపోయాయి. అప్పుడు ఎన్‌త్షింగ్వాయో, మ్ఖోసానా అనే నాయకుణ్ని కిందికి పంపాడు. రాజు మిమ్మల్ని ఇలా పడుకోమని పంపలేదని మందలిస్తూ, ఆ తూటాల్లోనే నిటారుగా నిలబడి ఆయన దళాన్ని లేపాడు. అక్కడే ప్రాణం వదిలాడు. దళం లేచింది, బ్రిటిష్ వరస తెగింది. శిబిరంలో ఉన్న సుమారు 1,750 మందిలో 1,300 మందికి పైగా చనిపోయారు. జులూల వైపు కూడా కనీసం వెయ్యి మంది.

ఇప్పుడు చెప్పండి, కనపడగానే మీద పడాలనే రూల్‌లో మ్ఖోసానాకు చోటెక్కడ? ఆ రూల్ ప్రకారం ఛాతీ దళం ఆగే ప్రశ్నే లేదు. ఆగకపోతే నాయకుడు దిగాల్సిన పనే లేదు. యుద్ధం మలుపు తిరిగిన ఘట్టమే ఆటలోంచి మాయమైపోతుంది. మేం పెట్టుకున్న రూల్ ఇదీ. తూటాల కింద మొరేల్ టెస్ట్, అంటే డైస్ వేసి చూసే ధైర్యం పరీక్ష, తప్పిన జులూ దళం పారిపోదు, పడుకుంటుంది. దాన్ని లేపాలంటే పైన ఉన్న నాయకుల్లో ఒకణ్ని కిందికి దింపాలి. దిగిన ప్రతి టర్నుకూ అతని ప్రాణానికి ఒక డైస్ వేయాలి. ఒకటో రెండో పడితే పోతాడు, కానీ దళం లేస్తుంది. నాయకులు ముగ్గురే ఉంటారు కాబట్టి ఎప్పుడు దింపాలన్నదే ఆ ఆటగాడికి పెద్ద టెన్షన్.

ఫిరంగుల సంగతి నా సొంత విషయం కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఆ రోజు శిబిరంలో 7 పౌండ్ల ఫిరంగులు రెండే ఉన్నాయి. గన్ పేల్చే ముందు క్రూ పక్కకు జరగాలి, లేకపోతే వెనక్కి తన్నిన గన్ మీదికి వస్తుంది. జులూలు దీన్ని కనిపెట్టారు. గన్నర్లు పక్కకు తప్పుకోవడం చూడగానే నేల మీద పడిపోయేవాళ్లు, గుండు పైనుంచి పోయాక లేచేవాళ్లు. ఎదుటివాడి గన్ డ్రిల్‌ను యుద్ధం మధ్యలో నేర్చుకుని దానికి విరుగుడు పట్టిన సైనికులు వాళ్లు. గన్ దగ్గర ఏళ్లు గడిపిన నాకు ఈ ఒక్క వివరం వంద పేజీలతో సమానం. చింతగింజలను అష్టాచెమ్మాకు అరగదీసినట్టే ఒక పక్క బండకు రుద్ది తెల్లగా చేశాం. తెలుపు పైకి ఉంటే దళం నిలబడి నడుస్తున్నట్టు, నలుపు పైకి ఉంటే పడుకున్నట్టు. ఫిరంగి ఆటగాడు డైస్ వేసే ముందు 'స్టాండ్ క్లియర్' అని పైకి అనాలి. ఆ మాట వినగానే గన్ కనపడే చోట ఉన్న గింజలను జులూ ఆటగాడు నలుపు వైపు తిప్పొచ్చు. తిప్పితే ప్రాణాలు దక్కుతాయి, కానీ ఆ టర్నులో ఆ గింజలు ముందుకు కదలవు.

మా పక్కింటి బీటెక్ అమ్మాయి ఎప్పుడూ జులూ వైపే ఆడుతుంది. బ్రిటిష్ వైపు ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి. ఆయన 'స్టాండ్ క్లియర్' అన్నప్పుడల్లా ఆ అమ్మాయి రెండు చేతులతో గింజలు టకటకా తిప్పేస్తుంది. అయితే అన్నీ తిప్పదు. గన్‌కు దగ్గరగా ఉన్నవి పడుకోబెట్టి, వాగులో ఉన్నవాటిని తెల్లగానే ఉంచుతుంది. "అంకుల్, గీళ్లు గన్నుకు కనపడరు, గందుకే నడుస్తున్నరు" అంటుంది. ఆయన గన్ ఎటు తిప్పాలో ఆలోచించేలోపు ఎడమ కొమ్ము వాగు దాటి శిబిరం పక్కకు వచ్చేస్తుంది. కనపడగానే మీద పడాలనే రూల్‌తో ఇలాంటి ఆట పుట్టదు.

తూటాల పెట్టెల గురించి కూడా ఒక మాట. పెట్టెల మూతలకు స్క్రూలు గట్టిగా బిగించి ఉండటం వల్ల తూటాలు అందక బ్రిటిష్ వాళ్లు ఓడారని ఒక పాత కథ ఉంది. చాలా రూల్స్ దీన్ని నమ్మి, ప్రతి బ్రిటిష్ దళానికీ తూటాలు అయిపోయే డైస్ పెట్టాయి. ఆ పెట్టెలో 600 తూటాలు పట్టేవి. రాగి పట్టీలు చుట్టూ ఉన్నా, మధ్యలో జరిగే మూతకు ఉండేది ఒక్క స్క్రూనే. తుపాకీ మడమతో ఒక్క దెబ్బ కొడితే ఊడుతుంది. అసలు ఇబ్బంది దూరం. బ్రిటిష్ అధికారి డర్న్‌ఫర్డ్ మనుషులు శిబిరానికి చాలా ముందుకు పోయి ఒక వాగులో నిలబడి కాల్చారు. తమ బండ్లు ఎక్కడున్నాయో కూడా వాళ్లకు తెలియదు. వాళ్లకు తూటాలు అయిపోయాయి, వెనక్కి వచ్చారు, వరసకు ఆ పక్క ఖాళీ పడింది. వరసను శిబిరం చుట్టూ దగ్గరగా కట్టకుండా అంత పొడుగ్గా సాగదీయడమే బ్రిటిష్ వాళ్లు చేసిన తప్పు. బండ్లను వలయంగా కట్టుకోమని బోయర్ల (అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి రైతుల) నాయకుడు పాల్ క్రూగర్ ముందే చెప్పినా చెమ్స్‌ఫర్డ్ ఆ శిబిరంలో చేయలేదు. అందుకని మేం తూటాల రూల్‌ను దూరానికి ముడిపెట్టాం. బండికి 12 అంగుళాల లోపల ఉన్న దళానికి కొరత లేదు, దాటితే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం పాక్షిక సూర్యగ్రహణం పట్టింది. దాన్నీ రూల్‌గా పెట్టినవాళ్లు ఉన్నారు. మేం పెట్టలేదు, అది ఎవరినీ గెలిపించలేదు, ఓడించలేదు.

ఆగకుండా మీద పడే రూల్‌కు చోటే లేదని నేను అనను. 1879 మార్చి 29న కంబులా దగ్గర అలా జరిగింది. చుట్టూ అడ్డుకట్టలు కట్టుకున్న శిబిరాల మీద పడొద్దని రాజు గట్టిగా చెప్పాడు. బ్రిటిష్ అధికారి బుల్లర్ గుర్రపు దళం బయటికి వచ్చి, దగ్గరగా కాల్చి కవ్విస్తే, ఇంగోబమఖోసి దళం తట్టుకోలేక మిగతా వాళ్లకంటే ముందే దూకింది. కొమ్ముల లెక్క తప్పింది. మధ్యాహ్నమంతా పోరాడి జులూలు ఓడారు. ఈ దళాలన్నీ వయసును బట్టి కట్టినవి. ఒకే ఈడు కుర్రాళ్లంతా ఒక దళం. ఇంగోబమఖోసి వాళ్లు ఇరవైలలో ఉన్నవాళ్లు. ఉథుల్వానా వాళ్లు నలభై దాటిన పెద్దలు. ఆవేశం పరీక్ష కుర్ర దళాలకే, అదీ కవ్వించినప్పుడే ఉండాలి. పెద్దవాళ్ల దళానికి వేరే లక్షణాలు రాయాలి. అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఆ సైన్యం ఎలా పనిచేసిందో మనకు ఎప్పటికీ తెలియదు.

జులూల అసలు బలహీనత ఇంకోచోట ఉంది. అది జీతగాళ్ల సైన్యం కాదు. యుద్ధం ముగిశాక శుద్ధి చేసుకోవాలి, గాయపడ్డవాళ్లను ఇంటికి చేర్చాలి, పంట చూసుకోవాలి. ఇసాండ్ల్‌వానా గెలిచాక సైన్యం ఇళ్లకు వెళ్లిపోయింది, మళ్లీ కూడేసరికి మార్చి వచ్చింది. ఈలోపు బ్రిటన్ నుంచి ఓడల్లో కొత్త దళాలు దిగాయి. జులై 4న జులూ రాజధాని ఉలుందీ దగ్గర, ఆగకుండా తూటాలు కురిపించే గాట్లింగ్ గన్లతో, ఫిరంగులతో బ్రిటిష్ వాళ్లు చతురస్రం కట్టి నిలబడి యుద్ధం ముగించారు. ఒకే రోజు యుద్ధం ఆడితే ఇది కనపడదు. నెలల లెక్కన క్యాంపెయిన్ ఆడాలి, జులూ వైపు ఇంటికి పోయే గడియారం, బ్రిటిష్ వైపు ఎడ్లబండి గడియారం పెట్టాలి.

గెలుపు ఎలా లెక్కపెట్టాలన్నది అన్నిటికంటే పెద్ద విషయం. రెండు వైపులా సమానంగా పాయింట్లు ఇస్తే న్యాయం అని మీ వ్యాసం అంది. మన పాత గుళ్ల అరుగుల మీద, రచ్చబండల మీద గీసి ఆడే పులి-మేకలో రెండు వైపులా ఒకే రూల్ ఉందా? పులి దూకుతుంది, మేక దూకదు. పులి గెలుపు మేకలను తినడంలో ఉంది, మేకల గెలుపు పులికి కదలడానికి దారి లేకుండా కట్టేయడంలో ఉంది. అయినా ఆట తూకం తప్పదు. దక్షిణాఫ్రికా యుద్ధాలకు కావాల్సింది ఇదే పద్ధతి. బసూటోల్యాండ్, అంటే ఇప్పటి లెసోతో సంగతి తీసుకోండి. బ్రిటిష్ వాళ్ల కేప్ కాలనీ ప్రభుత్వం అక్కడి సోతో జనాన్ని తుపాకులు అప్పగించమంది. వాళ్లు ఒప్పుకోలేదు. 1880-81లో తమ చిన్న గుర్రాల మీద, కొండల మీద పోరాడి కేప్ సైన్యాన్ని అలసిపోయేలా చేశారు. చివరికి లైసెన్సు కట్టి తుపాకులు తమ దగ్గరే ఉంచుకునేలా ఒప్పందమైంది. ఆ యుద్ధంలో సోతో ఆటగాడు ఎంతమందిని చంపాడన్నది అనవసరం. ఆట అయిపోయేసరికి తుపాకులు చేతిలో ఉంటే గెలిచినట్టే. ఇలాంటి గెలుపును పాయింట్ల పట్టికలో ఎక్కడ రాస్తారు?

బోయర్ల గురించి ఎక్కువ రాయను, వాళ్ల రూల్స్ చాలా బుక్కుల్లో బాగానే ఉంటాయి. 1881 ఫిబ్రవరి 27న బ్రిటిష్ వాళ్లను ఓడించిన మజూబా కొండను బోయర్లు ఎక్కుతూ, కొందరు కాలుస్తుంటే కొందరు జరగడం, పైనున్న బ్రిటిష్ తూటాలు వాళ్ల తలల మీదుగా పోవడం అందరూ సరిగ్గానే రాశారు. రాయని విషయం ఒకటుంది, అది మన మనుషులది. 1860లో మద్రాసు రేవు నుంచి బయల్దేరిన ఓడతో మొదలై, దక్షిణాది నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు పోయిన ఒప్పంద కూలీల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. 1899లో బ్రిటిష్ వాళ్లకూ బోయర్లకూ మళ్లీ యుద్ధం మొదలయ్యాక గాంధీ, బ్రిటిష్ వైపు, అక్కడి భారతీయులతో అంబులెన్స్ దళం కట్టారు. సుమారు 1,100 మంది. వాళ్లలో ఎక్కువమంది ఒప్పంద కూలీలే. స్పియన్ కాప్ యుద్ధంలో గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ల మీద మైళ్ల దూరం మోశారు. బ్రిటిష్ వాళ్లున్న లేడీస్మిత్ ఊరి మీద బోయర్ల ముట్టడి 118 రోజులు సాగింది. ఆ ఊళ్లో ప్రభు సింగ్ అనే కూలీకి ఒక పని అప్పగించారు. అంబుల్వానా గుట్ట మీద బోయర్ల పెద్ద ఫిరంగి వెలుగు కనపడగానే గంట కొట్టాలి. గుండు వచ్చిపడే లోపు కొన్ని సెకన్లు దొరుకుతాయి, ఆ గంట విని జనం దాక్కునేవాళ్లు. గంట కొట్టేవాడు మాత్రం గుండుకు ఎదురుగా అక్కడే ఉండాలి. గాంధీ ఈయన గురించి రాశారు. నేను చూసిన ఏ లేడీస్మిత్ రూల్స్‌లోనూ ఆ గంట లేదు. మా రూల్స్‌లో ఉంది. ప్రభు సింగ్ బతికున్నంతకాలం ఊరికి తగిలే గుండుకు డైస్‌లో రెండు తగ్గుతాయి.

ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. 1900 నుంచి బ్రిటిష్ సైన్యం బోయర్ల పొలాలు, ఇళ్లు తగలబెట్టి, ఆడవాళ్లను, పిల్లలను శిబిరాల్లో పెట్టింది. ఆ శిబిరాల్లో సుమారు 28,000 మంది బోయర్లు, ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. నల్లవాళ్లకు వేరే శిబిరాలు పెట్టారు, అక్కడ చనిపోయినవాళ్లు 20,000 దాకా ఉంటారని పరిశోధకుల అంచనా. ఇల్లు తగలబెడితే ఇన్ని పాయింట్లు అనే రూల్ మా టేబుల్ మీద ఉండదు. మా దగ్గరకు ఆడటానికి వచ్చే పిల్లలకు ఆ శిబిరాల గురించి ముందు చెప్తాను, తర్వాతే దుప్పటి పరుస్తాను.

మీ వ్యాసకర్తను ఒకటి అడగాలని ఉంది. కొత్త జిల్లాలు రాకముందు మన వరంగల్‌లోనే ఉన్న బైరాన్‌పల్లిలో, 1948లో ఊరివాళ్లు బురుజు మీద కాపలా పెట్టుకుని, నాటు తుపాకులతో, వడిసెలలతో రజాకార్లను ఎదిరించారు. ఆగస్టు 27న పెద్ద బలగం వచ్చి ఊరిమీద పడేదాకా నిలబడ్డారు. రేపు ఎవరో విదేశీయుడు బైరాన్‌పల్లి మీద ఆట తయారుచేసి, ఊరివాళ్లకు ఆలోచన లేదు, కనపడినవాడి మీద పడటమే తెలుసు అని రూల్ రాస్తే మనం ఊరుకుంటామా? బురుజు మీద కాపలా ఎవరు పెట్టారు, గస్తీ ఎవరు తిరిగారు అని నిలదీయమా? జులూలకూ ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. వాళ్ల మనవలు, మునిమనవలు ఇవాళ అదే నేల మీద బతుకుతున్నారు.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే ఆదివారం ఆ పేరాకు సవరణ వేయండి. జులూ సైన్యాన్ని నడిపినవాళ్లుగా ఎన్‌త్షింగ్వాయో, మవుమెంగ్వానా పేర్లు, ఛాతీ దళాన్ని లేపి చనిపోయిన మ్ఖోసానా పేరు అందులో ఉండాలి. వీలైతే పక్కన ఇసాండ్ల్‌వానా మ్యాపు వేయండి. మ్యాపులో లోయ, శిబిరం, డర్న్‌ఫర్డ్ నిలబడ్డ వాగు, ఈ మూడూ కనపడాలి. వాటి మధ్య దూరం చూస్తే కొత్తగా ఆడాలనుకునే పిల్లలకు రూల్స్ ఎక్కడ మార్చుకోవాలో వాళ్లకే తెలుస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, మాజీ ఆర్టిలరీ హవల్దార్,
హనుమకొండ